సీసా మీద గీత

ఇంటి నుంచి,
ముందు గది కిటికీ పక్కన

ఒరే వాషరూ,

నా చేతిరాత చూసి హడలిపోకు. బతికే ఉన్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మీ అక్క ఎత్తి, "మీ బావ స్నానం చేస్తున్నారు" అంటోంది కదా, అన్ని స్నానాలు నేను జన్మలో చేయలేదు. అసలు సంగతేమిటంటే, ఫోన్లో రెండు మాటలయ్యేసరికి ఆయాసం వచ్చి మూడో మాట మింగేయాల్సి వస్తోంది. వినేవాడికి నేను అలిగానో, ఏడుస్తున్నానో తెలియదు. కాగితంతో ఆ బాధ లేదు. మధ్యలో ఎంతసేపు ఆగినా ఎవరికీ వినబడదు.

మెట్లెక్కితే రొప్పు వస్తోందని నీకు తెలుసు. వయసు అనుకున్నాను. తర్వాత పడుకున్నా రావడం మొదలైంది. వీపు వెనక దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేవాణ్ణి. చివరికి మీ అక్క చెవి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరాయట. ఊపిరితిత్తి లోపల కాదు. దాని మీద ఒక పొర, పక్కటెముకల లోపలివైపు ఇంకో పొర ఉంటాయట, ఆ రెంటి మధ్యన. సగం ఊరికి నీళ్లు నా చేతుల మీదుగా నడిపిన ప్లంబర్ని, నా ఒంట్లో లీకు పట్టుకోలేకపోయాను.

మంచం అంచున కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు వేసి దాన్ని కౌగలించుకోమన్నారు. ఇన్నేళ్ల సంసారంలో మీ అక్కనే అలా పట్టుకోలేదురా. వీపులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి సూదితో లాగారు. పాలు పోయని టీ రంగులో వచ్చింది. నాకు దగ్గు మొదలవగానే డాక్టరమ్మ ఆపేసి, ఇవాళ్టికి చాలు అంది. ఇంకా ఉంది కదమ్మా తీసెయ్యి అన్నా వినలేదు. ఏమైతేనేం, ఆ పూట ఊపిరి ఛాతీ అడుగు దాకా దిగింది. ఆ సుఖం పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది.

ఆ నీళ్లను పరీక్షకు పంపారు. నువ్వు పని మానుకుని పరిగెత్తుకు రావద్దు.

మీ బావ

*

సైటు నుంచి,
పనివాళ్ల షెడ్డు

బావా,

నీ కవరు తెచ్చి ఇస్తూ మా మేస్త్రీ, "ఈ కాలంలో కూడా ఉత్తరమా, ఎవరైనా ప్రేమించారా ఏంటి" అన్నాడు. మా బావ అన్నాను. పాపం, చాలా నిరాశపడ్డాడు.

అక్క చేత అబద్ధాలు చెప్పించకు. ఆమెకు అది చేతకాదు. నువ్వు స్నానం చేస్తున్నావని చెప్పేటప్పుడు వెనకాల నీ దగ్గు వినబడుతూనే ఉంది. అప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని.

ఇక్కడ పని ఎప్పటిలాగే. అంతస్తుల మీద అంతస్తులు లేపుతున్నారు. లిఫ్టు ఇంకా పెట్టలేదు. బాత్రూముల లైన్లన్నీ నావే. ఫోన్ సిగ్నల్ కావాలంటే పైకప్పు దాకా ఎక్కాలి. ఈమధ్య మూడో అంతస్తు దగ్గర నేనూ కాస్త ఆగుతున్నాను. ఇక్కడి తిండికి పొట్ట పెరిగింది, అంతే. పొట్టిగా గుండ్రంగా ఉంటానని నువ్వు పెట్టిన పేరు ఇన్నాళ్లకు పూర్తిగా సార్థకమైంది.

పరీక్షలో ఏం తేలిందో రాయి. దాచకు.

నీ వాషరు

*

ఇంటి నుంచి

ఒరే,

తీసిన నీళ్లు మళ్లీ చేరాయి. మళ్లీ తీశారు. మళ్లీ చేరాయి. ప్రతిసారీ ఆ బల్లా, ఆ దిండూ, ఆ సూదీ. ఆ దిండు గలీబు మీద పువ్వులు ఎన్నో కూడా చెప్పగలను. విసుగొచ్చేసిందిరా.

ఇలా కాదని ఇప్పుడు ఒక మెత్తటి గొట్టం లోపలే ఉంచేశారు. పక్కటెముకల మధ్య నుంచి బయటికి వస్తుంది. చివర చిన్న వాల్వు ఉంది. మంచి వాల్వు, ఒక్క బొట్టు కారదు. ఎవడు చేశాడో గానీ పనిమంతుడు. గాలి తీసేసిన సీసా ఒకటి ఇస్తారు. రోజు విడిచి రోజు మీ అక్క చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, దాన్ని ఆ వాల్వుకు తగిలిస్తుంది. నీళ్లు వాటంతట అవే సీసాలోకి దిగుతాయి. తర్వాత కట్టు వేసి గొట్టాన్ని చుట్టి ఛాతీకి అంటిస్తుంది. నర్సమ్మ ఒక్కసారి చూపిస్తే నేర్చేసుకుంది. నీకు పైపు మలుపులో ఎల్బో బిగించడం నేర్పడానికి నాకెంత కాలం పట్టిందో గుర్తుందా?

నాకు నచ్చనిది ఒకటే. సీసా మీద నర్సమ్మ పెన్నుతో ఒక గీత గీసింది. ఆ గీత దాకా వస్తే ఆపేయాలి. లోపల ఇంకా ఉన్నా సరే, ఆపేయాలి. దగ్గొచ్చినా, ఛాతీ పట్టేసినా అంతకంటే ముందే ఆపాలి. మీ అక్కను బతిమాలతాను, ఇంకొంచెం అని. గీత అంటే గీతే అంటుంది. సగం లైను ఖాళీ చేసి సగం వదిలేసినట్టుంటుంది నాకు. మొహం మీద సగం గొరిగిన గడ్డం ఉన్నట్టు చిరాకు.

పరీక్ష సంగతి అడిగావు. పొర కాస్త మందమైందట. మందులేవో మొదలుపెట్టారు.

మీ బావ

*

షెడ్డు నుంచి

బావా,

సగం తీసి సగం ఉంచడమా? నువ్వా? లైనులో నీళ్లు వదిలి గేటు వాల్వు మూసినందుకు నా చెవులు మెలేసి, వీధిలో అందరి ముందూ నిలబెట్టినవాడివి కదా. నీళ్లు నిలవ ఉంటే ఏ లైనైనా పాడవుతుందని వెయ్యిసార్లు చెప్పావు. నిలవ ఉంచుతున్నారు కాబట్టే మళ్లీ మళ్లీ చేరుతున్నాయేమో!

నర్సమ్మలు భయంకొద్దీ గీతలు గీస్తారు. మందు సీసా మీద కూడా పిల్లలకు అందకుండా ఉంచండి అని రాస్తారు, మనం మంచం కిందే పెట్టుకోమా? నేనే అయితే మొత్తం లాగేసి, లైను ఎండబెట్టి, హాయిగా కాళ్లు చాపుకుని పడుకుంటాను.

వానలు పట్టుకున్నాయి. షెడ్డు కారుతోంది. ప్లంబర్లుండే షెడ్డు కారితే జనం నవ్వరా? నవ్వుతున్నారు.

నీ వాషరు

*

ఆసుపత్రి నుంచి,
మగవాళ్ల వార్డు బయట బెంచీ

తమ్ముడూ,

నీ ఫోన్ కలవలేదు. మీ మేస్త్రీకి చెప్పాను, చెప్పాడో లేదో. ముందుగా ఇది చదువు: మీ బావ ప్రాణానికి ఇప్పుడు భయం లేదు.

నేను మందుల షాపుకి వెళ్లాను. వచ్చి తలుపు తోసేసరికి ఆయన కుర్చీలోంచి జారి నేల మీద ఉన్నారు, గోడకు ఆనుకుని. పక్కన రెండు సీసాలు, రెండూ మెడ దాకా నిండి ఉన్నాయి. ఒకటి నింపి, అది తీసి ఇంకోటి తగిలించారు. దగ్గు ఆగడం లేదు. నోట్లోంచి గులాబీ రంగు నురగ వస్తోంది. పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి ఏదో చెప్పబోయి చెప్పలేక, వాల్వు వైపు చెయ్యి చూపించారు. మూసేశాను, అని. చేసిన ఘనకార్యంలో అదొక్కటే సరిగ్గా చేశారు.

ఇన్నాళ్లూ నీళ్ల బరువుకి ముడుచుకుపోయిన ఊపిరితిత్తి ఒక్కసారిగా తెరుచుకుంటే తట్టుకోలేదట. ఉన్నపళంగా దాని లోపలే నీరు ఊరిపోతుందట. గీత పెట్టింది అందుకేనమ్మా అంది డాక్టరమ్మ. అందరికీ ఇలా కాదట, అయినవాళ్లలో కొందరు దక్కరట. ముక్కుకీ నోటికీ కలిపి బిగుతుగా మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. ఇప్పుడు తేరుకున్నారు.

ఈ బుద్ధి ఎవరు పుట్టించారండీ అని అడిగాను. మాస్కు పక్కకు లాగి, "నా సొంత తెలివే" అని మళ్లీ పెట్టేసుకున్నారు.

తిట్టడానికి కూడా ఓపిక లేదురా. అలిసిపోయాను. బెంచీ మీద కూర్చుని రాస్తుంటే పక్కావిడ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎవరో తెలియదు. లేపబుద్ధి కాలేదు.

మీ అక్క

*

షెడ్డు నుంచి

బావా,

అక్క రాసింది. చదివి పనిలోకి వెళ్లాను. ఏ పైపు పట్టుకున్నానో తెలియలేదు. ఉదయం బిగించిన జాయింటు మధ్యాహ్నానికి ఊడి, కింద గదంతా తడిసింది.

అది నీ తెలివి కాదు. నాది. నవ్వుతూ రాశాను, నువ్వు నవ్వుకుంటావనే రాశాను. నిన్ను చంపబోయి నీ దగ్గరే నవ్వానని తలుచుకుంటే అన్నం దిగడం లేదు. అక్కకు ఇవాళే రాసేస్తాను. ఆమె నన్ను ఏమన్నా పడతాను.

వాషరు

*

ఆసుపత్రి నుంచి,
మగవాళ్ల వార్డు

ఒరే,

రాయకు. రాశావంటే నా మీద ఒట్టే. నీ ఉత్తరం ముక్కలు చేసి ఇక్కడి చెత్తబుట్టలో వేయించాను. మీ అక్కకు ఇప్పుడు ఉన్నది ఒక్క తమ్ముడు. వాడి మీద కూడా కోపం తెచ్చుకుంటే ఆమె ఇంక ఎవరితో మాట్లాడుతుంది?

చెప్పింది నువ్వయినా, తిప్పిన చెయ్యి నాది. నీళ్లు నిలవ ఉంచకూడదని నేర్పినవాణ్ణే, ఇంకోటి కూడా నేర్పాను కదా: చాలాకాలం ఖాళీగా ఉన్న లైనుకి వాల్వు ఒక్కసారిగా తిప్పితే జాయింట్లు పగులుతాయని. అది మాత్రం గుర్తు రాలేదు. సుఖంగా ఊపిరి పీల్చాలన్న ఆశ ఒకటే గుర్తుంది.

ఇప్పుడు కుదురుగా కూర్చుని చదువు. పొర మందమైందని రాశాను. అది క్యాన్సరు. దాని పేరు పొడుగు, పూర్తిగా పలికేలోపు నాకు ఆయాసం వస్తుంది. నీళ్లు ఎన్నిసార్లు తీసినా చేరేది అందుకే. మందులతో కొంత నెమ్మదిస్తుంది గానీ పోదట. ఇది మీ అక్కకు తెలుసు. ఆమెకు తెలియనిది ఇంకోటుంది. అది వచ్చింది దుమ్ము వల్ల. మన బూడిదరంగు సిమెంటు పైపులు, ఆస్‌బెస్టాస్‌వి. వాటిని కోసినప్పుడు లేచే పొడి ఊపిరితో లోపలికి పోయి, ఏళ్లకు ఏళ్లు కదలకుండా కూర్చుంటుందట. రంపం ఆడిస్తుంటే ఇద్దరి జుట్టూ తెల్లబడేది గుర్తుందా? ముసలాళ్లమైపోయామని ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లం.

డాక్టరమ్మ అడిగింది, "మీతో పాటు ఎవరు కోసేవారు?" అని. ఇవతల నేను రంపం పట్టుకుంటే పైపు అవతలి కొస మీద ఎవడు కూర్చునేవాడు? నిన్నే చెప్పాను. వెళ్లి ఎక్స్‌రే తీయించుకో. మూడో అంతస్తు దగ్గర ఎందుకు ఆగుతున్నావో నీ పొట్టను కాదు, డాక్టర్ని అడుగు. నాకు నువ్వు ఏదైనా చేయాలనుకుంటే అది చెయ్యి చాలు.

మీ బావ

*

షెడ్డు నుంచి

బావా,

తీయించుకున్నాను. ఏమీ లేదన్నారు. అంతా బాగుందట. నువ్వు అనవసరంగా బెంగ పెట్టుకోకు.

వానలు తగ్గాయి. పైకప్పు ట్యాంకులు ఎక్కించాం. ఒకటి ఎక్కించేటప్పుడు తాడు జారి మేస్త్రీ కాలి మీద పడబోయింది. ఆయన ఎగిరిన ఎగురుడు చూస్తే నీ జబ్బు సగం తగ్గేది. ఎరుపు చారల చొక్కా, నోట్లో బీడీ, చెవి వెనక పెన్సిలు. బీడీ ఎగిరింది గానీ పెన్సిలు కదల్లేదు.

ఒళ్లు జాగ్రత్త.

నీ వాషరు

*

ఇంటి నుంచి

ఒరే వాషరూ,

మేస్త్రీ చెవి వెనక పెన్సిలుతో సహా రాశావు. బాగుంది. మరి ఎక్స్‌రే గదిలో నీ గడ్డం దేనికి ఆనించమన్నారు? చేతులు ఎక్కడ పెట్టమన్నారు? చొక్కా ఉంచారా, విప్పించారా? ఆ పలక ఛాతీకి తగిలితే ఎలా ఉంది? అద్దం వెనకాల మనిషి ఏమని అరిచాడు? వాషరు కొనడానికి వెళ్లొస్తే షాపువాడి మీసం దాకా వర్ణించే మనిషివి. అంత పెద్ద సంగతి ఒక్క లైన్లో తేల్చేశావంటే నువ్వు ఆ గుమ్మం తొక్కలేదు.

తిట్టను. భయం. నాకు తెలియదా? నేనూ మీ అక్క చెవి పట్టుకునేదాకా వెళ్లలేదు.

ఇప్పుడు అసలు మాట రాస్తున్నాను. ఇది రాయడానికి రెండు పూటలు పట్టింది, ఆయాసం వల్ల కాదు. ఆ రోజు డాక్టరమ్మ రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిదానికి నిన్ను చెప్పాను. రెండోది, "ఆ బట్టలు ఎవరు ఉతికేవారు?" అని. కావాలని దగ్గు తెచ్చుకున్నాను.

గుమ్మంలోనే మీ అక్క మన చొక్కాలు విప్పించి, వాకిట్లో నిలబడి దులిపేది కదరా. నీవీ నావీ. దులిపేటప్పుడు ఆ పొడికి తుమ్మేది. మనం నవ్వేవాళ్లం. ఆ తుమ్ములే వినబడుతున్నాయి నాకు, కళ్లు మూసినా తెరిచినా. నా చావు సంగతి నేను చూసుకుంటాను. అది నావల్ల ఆమెకు కూడా అంటిందేమో అన్నది మాత్రం నేను మోయలేకపోతున్నాను.

నేను వెళ్లమంటే వెళ్లదు. గొట్టం ఎవరు చూస్తారంటుంది. ఎందుకని అడుగుతుంది, నేను చెప్పలేను. నువ్వు వచ్చి, ఒక్కడివే వెళ్లడానికి భయమేస్తోంది తోడు రా అక్కా అంటే కాదనదు. నువ్వు నాటకం కూడా ఆడనక్కర్లేదు. అక్కడిదాకా వచ్చాక ఆమెది కూడా తీయించు. రా.

మీ బావ

*

షెడ్డు నుంచి

బావా,

వెళ్లలేదు. ఆసుపత్రి గేటు దాకా వెళ్లి, ఎదురుగా టీ తాగి వెనక్కి వచ్చేశాను. అబద్ధం చేతకాదని అక్కను అన్నాను గానీ, నాకూ చేతకాదు.

ఆమె తుమ్ములు నాకూ గుర్తున్నాయి. వాటిని లెక్కపెట్టి నీతో పందెం కట్టేవాణ్ణి.

మేస్త్రీకి చెప్పాను. రేపు బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే ముందే నేనే చేరతానేమో.

వాషరు

*

ఇంటి నుంచి,
ముందు గది కిటికీ పక్కన

తమ్ముడూ,

క్షేమంగా చేరావని మేస్త్రీ చెప్పాడు. రిపోర్టులు వచ్చాయి, అందుకే రాస్తున్నాను. నీ ఫోన్ ఎలాగూ కలవదు.

ముందు నీది. పొర మీద అక్కడక్కడా సున్నం మచ్చల్లాంటివి ఉన్నాయట, ఆ దుమ్ము వల్లే. నీళ్లు లేవు, గడ్డ లేదు. ప్రతి ఏడాదీ చూపించుకోవాలి, పైపులు కోయకూడదు. మూడో అంతస్తు ఆయాసం మాత్రం అచ్చంగా నీ పొట్ట పుణ్యమే అంది డాక్టరమ్మ. తగ్గించు.

ఇక మీ నాటకం సంగతి. తోడు రమ్మంటే వచ్చాను. నీ భయం నటన కాదు. గడ్డం ఆనించమంటే పలకకు నుదురు ఆనించావు. ఆ తర్వాత "ఎలాగూ వచ్చావు కదక్కా, నువ్వూ తీయించుకో" అన్నప్పుడు నీ మొహం చూసి నవ్వాపుకోవడం నావల్ల కాలేదు. ఒరే, ఆ బట్టల ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదనుకున్నారా? గొట్టం వేసిన రోజే నర్సమ్మ అడిగింది. లాండ్రీకి వేసేవాళ్లమని చెప్పాను. ఆ దులుపుడుతో నాకూ ముప్పేనని తెలిస్తే మీ బావకు ఉన్న కాస్త ఊపిరీ ఆడదు. ఆ భయం ఒక్కదాన్నే ఇన్నాళ్లు మోశాను. సీసా తగిలించిన ప్రతిసారీ, నా వంతు ఎప్పుడో అనుకునేదాన్ని. నాకు అబద్ధం చేతకాదని మీ ఇద్దరూ ధీమాగా ఉన్నారు, ఉండండి.

ఆ రెండు సీసాల సలహా నీదేనని కూడా తెలుసు. నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ ఒక్కసారి కూడా సీసా వైపు చూడలేదు. కోపం వచ్చింది, పోయింది. నాకు మిగిలింది మీరిద్దరే.

నర్సమ్మ నిన్న కట్టు మార్చడానికి ఇంటికొచ్చింది. నా రిపోర్టు తనే తెచ్చి, ఆయన ముందే చదివింది. ఏమీ లేదు. పొర శుభ్రంగా ఉందట. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమంది. ఆయన కిటికీ వైపు తిరిగి, "ఇంకోసారి చదవమ్మా" అన్నారు. ఆమె మళ్లీ చదివింది. అప్పుడు ఏడ్చారు. క్యాన్సరని చెప్పినప్పుడు ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. "బట్టలు నువ్వే దులిపేదానివి" అన్నారు. "తెలుసు" అన్నాను.

తర్వాత నర్సమ్మ కట్టు విప్పితే నేను సీసా తగిలించాను. నీళ్లు దిగుతుంటే ఆయన దాని వైపే చూస్తూ కూర్చున్నారు. ప్రతిసారీ ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలే మనిషి, నేను చూసుకునేలోపే చెయ్యెత్తి, "గీత దాకా వచ్చింది, మూసెయ్" అన్నారు.

మీ అక్క